ఒమాహాలో బొమ్మ ఎలా ఆడుతుంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలో స్థిరపడిన పిల్లల దగ్గరకు వెళ్లి నాలుగైదు నెలలు ఉండి వచ్చే పెద్దలు మన గోదావరి డెల్టాలో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వారిలో చాలామంది వెళ్లేది న్యూయార్కు, షికాగో వంటి మహానగరాలకు కాదు, పేరు చెబితే పక్కింటివారు "అదెక్కడుందండీ?" అని అడిగే మధ్యతరహా ఊళ్లకు. అటువంటి ఊళ్లలో సినిమా హాళ్లు ఎలా ఉంటాయి, సాయంత్రాలు ఎలా గడుస్తాయి అన్న విషయం మీద ప్రశ్నలు పంపమని గత సంచికలో కోరాము. ఒక్కొక్క జవాబులో ఒక్కొక్క నగరం పేరు చెబితే గందరగోళమవుతుంది కనుక నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాను ఉదాహరణగా తీసుకున్నాము. 2020 జనగణన ప్రకారం ఆ నగర జనాభా 4 లక్షల 86 వేలు. 2011 లెక్కల్లో 3 లక్షలు దాటిన కాకినాడ కన్నా కొంత పెద్దది, విశాఖపట్నం కన్నా బాగా చిన్నది. మిస్సోరీ నది ఒడ్డున ఉన్న ఊరు కనుక ఏటిగట్టు మీద నడిచే అలవాటున్న మనవారికి మరీ పరాయిగా అనిపించదు.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. మా అబ్బాయి ఒమాహాలో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే వేసవిలో మా దంపతులిద్దరం అక్కడికి వెళ్లి ఆరు నెలలు ఉండదలచాము. వారానికొక సినిమా చూడటం మాకు పెళ్లయిన నాటి నుంచి ఉన్న అలవాటు. అక్కడ తెలుగు సినిమా దొరుకుతుందా? హాల్లో మేము తెలుసుకొని ఉండవలసిన పద్ధతులేమైనా ఉన్నాయా? (అమలాపురం)

జవాబు: మాస్టారూ, దొరుకుతుంది. అయితే దొరికే తీరు వేరు. పెద్ద హీరో చిత్రమైతే అమెరికా అంతటా ఒకేసారి విడుదల చేస్తారు. మన దగ్గర శుక్రవారం వచ్చే చిత్రానికి అక్కడ గురువారం సాయంత్రమే ప్రీమియర్ వేయడం ఆనవాయితీ. వేసవిలో ఒమాహాలో గురువారం సాయంత్రం 6 గంటలైతే అమలాపురంలో శుక్రవారం తెల్లవారుజాము 4:30 అవుతుంది. అంటే మీరు ఆట చూసి బయటకు వచ్చి ఇంటికి ఫోన్ చేసే సమయానికి, ఇక్కడ మీ బావమరిది పళ్లు తోముకొని హాలుకు బయలుదేరుతూ ఉంటాడు. కథ చెప్పకుండా ఉండటం మీ పెద్దరికానికి వదిలేస్తున్నాము. ప్రీమియర్ టికెట్టుకు మామూలు ధర కన్నా ఎక్కువ పెట్టవలసి ఉంటుంది. ఆ వారాంతం దాటిన తరువాత ఆటల సంఖ్య బాగా తగ్గిపోతుంది. చిన్న చిత్రాలు డల్లాసు, న్యూజెర్సీ వంటి తెలుగువారు కిక్కిరిసిన చోట్ల ఆడినంతగా ఒమాహా వరకు రావు. కనుక "వచ్చే ఆదివారం చూద్దాంలే" అనుకునే అలవాటును ఇక్కడే వదిలిపెట్టి వెళ్లండి.

హాల్లో సీటు నంబరు ముందే ఎంచుకొని ఫోన్‌లో కొనుక్కోవడం మామూలు. ఇక్కడ మనం ఆటకు అరగంట ముందు వెళ్లి, సోడా తాగి, పోస్టర్లు చూసి, వేంకటేశ్వరుని మీద ఘంటసాల పాడిన స్తుతి మైకులో వినిపించగానే లోపలికి పరుగెత్తినవాళ్లం. అక్కడ టికెట్టు మీద వేసిన సమయానికి తెర మీదకు వచ్చేవి ప్రకటనలూ, రాబోయే చిత్రాల ట్రైలర్లూ. పెద్ద గొలుసు సంస్థల (ఒకే పేరుతో అనేక ఊళ్లలో హాళ్లు నడిపేవాటి) హాళ్లలో ఇవి ఇరవై నిమిషాలు, ఒక్కొక్కసారి అంతకు మించి కూడా సాగుతాయి.

ఇంగ్లీషు చిత్రానికి విశ్రాంతి ఉండదు. తెలుగు చిత్రానికి సంగతి విచిత్రంగా ఉంటుంది. దర్శకుడు కష్టపడి పేల్చిన ఇంటర్వెల్ బాంబు పేలి, తెర మీద "విశ్రాంతి" అని పడి, మనం లేవబోయేలోపే రెండవ సగం మొదలయ్యే సందర్భాలు ఉంటాయి. లైట్లు వేసి కాసేపు ఆపడమన్నది ఆ హాలు యాజమాన్యం ఇష్టం. రెండు గంటల నలభై నిమిషాల చిత్రాన్ని లేవకుండా చూడటం అరవై దాటినవారికి కష్టం కనుక నడవ పక్క సీటు ఎంచుకోవడం మంచిది. వాలుకుర్చీలలో పక్కన మీటలు ఉంటాయి. కాళ్లు పైకి లేస్తాయి. ఏసీ మాత్రం జూలై నెలలో కూడా గజగజ వణికిస్తుంది. అమ్మగారికి శాలువా తప్పనిసరి.

ఈలలు వేయవచ్చునా అని మీరు అడగలేదు గాని అడిగినట్లే భావించి చెబుతున్నాము. తెలుగు ప్రీమియర్‌లో ఈలలకు, కేకలకు ఎవరూ అడ్డు చెప్పరు. కాగితం ముక్కలు ఎగరేయడం మాత్రం హాళ్లవారు సహించరు. తరువాతి ఆటకు మధ్య దొరికే కొద్ది నిమిషాలలో హాలంతా ఊడ్చవలసింది ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లే.

వారానికొకటి చూసేవారికి ఒక లెక్క. అక్కడి హాళ్ల యజమానుల సంఘం ప్రకటించిన ప్రకారం 2019లో దేశవ్యాప్త సగటు టికెట్టు ధర 9 డాలర్ల 16 సెంట్లు. అటువంటి గొలుసు సంస్థల్లో ఒకటైన ఏఎంసీ 2018 జూన్‌లో నెలచందా పథకం పెట్టింది. అప్పట్లో 19 డాలర్ల 95 సెంట్లు కట్టినవారు వారానికి మూడు చిత్రాల దాకా చూడగలిగేవారు. ధరలు తరువాత పెరిగాయి, ఊరిని బట్టి మారతాయి కూడా. అయినా మీ వంటి రసికులకు చందాయే లాభం. మంగళవారాలలో తక్కువ ధరకు టికెట్లిచ్చే హాళ్లు కూడా చాలా ఉన్నాయి.

ప్రశ్న: మాది మూడు తరాలుగా హాలు నడుపుతున్న కుటుంబం. ఇప్పుడు లీజుకిచ్చాము. అమెరికాలో హాలు యజమానికి, డిస్ట్రిబ్యూటరుకు మధ్య డబ్బు ఎలా పంచుకుంటారు? అక్కడ కూడా నలుగురైదుగురి చేతుల్లోనే హాళ్లన్నీ ఉన్నాయా? (తణుకు)

జవాబు: మీరు వృత్తిలో ఉన్నవారు కనుక నేరుగా చెబుతాము. మన దగ్గర ఈస్టు, వెస్టు అని రెండు గోదావరి జిల్లాలనూ వేరువేరు వ్యాపార ప్రాంతాలుగా అమ్ముతారు. హాలుకు అద్దె కట్టడమో, పర్సంటేజీ మీద ఆడించడమో జరుగుతుంది. అమెరికాలో పర్సంటేజీయే ప్రధానం. పెద్ద చిత్రానికి తొలివారాల్లో టికెట్టు సొమ్ములో సగానికి మించి డిస్ట్రిబ్యూటరుకు పోతుంది. మొత్తం మీద చూస్తే సుమారు సగం అటు, సగం ఇటు అనుకోవచ్చు. ఆ మిగిలిన సగంలో నుంచి అద్దె, కరెంటు, జీతాలు, ప్రొజెక్టరు ఖర్చు పోవాలి. అందువల్ల హాలు బతికేది టికెట్టు మీద కాదు, పాప్‌కార్న్ మీద. తినుబండారాల అమ్మకంలో సరుకు ఖరీదు తీసివేస్తే నూటికి ఎనభైకి పైగా హాలుకే మిగులుతుంది. అందులో డిస్ట్రిబ్యూటరుకు వాటా లేదు. మన హాళ్లలో క్యాంటీనును, సైకిల్ స్టాండును వేరువేరు పాటదారులకు వదిలివేసి ఏడాదికింత అని ముందే తీసుకునే పద్ధతి ఎంత కాలం నడిచిందో మీకు మాకన్నా బాగా తెలుసు. అక్కడివారు ఆ క్యాంటీనునే హాలుకు గుండెకాయగా చేసుకున్నారు.

ఒకే కప్పు కింద రెండు తెరలు పెట్టే ఆలోచన బలపడింది కూడా ఈ లెక్క వల్లనే. ఒమాహాకు దాదాపు 300 కిలోమీటర్ల దూరంలోని కాన్సస్ సిటీలో 1963లో స్టాన్ డర్వుడ్ అనే యజమాని ఒక షాపింగు సముదాయంలో జంట హాళ్లు తెరిచాడు. రెండు తెరలకూ ఒకే ప్రొజెక్షన్ గది, ఒకే తినుబండారాల కౌంటరు, ఒకే సిబ్బంది. ఒక దానిలో బొమ్మ పోయినా రెండవది ఆదుకుంటుంది. ఆ సంస్థే తరువాత ఏఎంసీగా పెరిగింది. మన దగ్గర ఒకే ఆవరణలో రెండు మూడు హాళ్లు కట్టి, పెద్దదానిలో కొత్త బొమ్మ, చిన్నదానిలో పాత బొమ్మ వేసిన యజమానుల బుద్ధి కూడా ఇటువంటిదే.

మీ రెండవ ప్రశ్నకు కొంత చరిత్ర చెప్పాలి. ఒకప్పుడు హాలీవుడ్‌లో చిత్రం తీసేవారే పెద్ద ఊళ్లలో హాళ్లకూ యజమానులు. ఒక మంచి చిత్రం కావాలంటే దానితో పాటు నాలుగు నాసి చిత్రాలు కూడా తీసుకోవలసిందేనని బయటి హాళ్లను ఒత్తిడి చేసేవారు. 1948లో అక్కడి సుప్రీంకోర్టు పారమౌంటు తదితర స్టూడియోలకు వ్యతిరేకంగా తీర్పు చెప్పడంతో స్టూడియోలు హాళ్లను వదులుకోవలసి వచ్చింది. డెబ్బై ఏళ్ల పైబడి అమలైన ఆ కట్టుబాట్లను 2020 ఆగస్టులో కోర్టు ఎత్తివేసింది. ఇప్పుడు ఏఎంసీ, రీగల్, సినీమార్క్ అనే మూడు గొలుసు సంస్థలదే పైచేయి. మన వద్ద నిర్మాత, డిస్ట్రిబ్యూటరు, లీజుదారు ఒక్కరే అయినప్పుడు అడ్డుపడే అటువంటి తీర్పు ఎన్నడూ రాలేదు. పండుగకు ఎవరి బొమ్మకు ఎన్ని హాళ్లు దొరుకుతాయన్న తగాదా ప్రతి సంక్రాంతికీ పునరావృతం కావడానికి మూలం అక్కడే ఉందని మా అభిప్రాయం.

టికెట్టు ధరలో కూడా పెద్ద తేడా ఉంది. అమెరికాలో ధరను హాలే నిర్ణయించుకుంటుంది. మన రాష్ట్రంలో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2021 ఏప్రిల్‌లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం పంచాయతీల్లోని ఏసీ లేని హాలులో అడుగు తరగతి టికెట్టు 5 రూపాయలు. 2022 మార్చిలో దానిని సవరించి కనిష్ఠాన్ని 20 రూపాయలు చేశారు. అయిదు రూపాయలకు డెల్టాలో టీ కూడా రాని రోజుల్లో ఆ ధరకు తెర వెలిగించమనడం ఏ లెక్కకూ అందదు. మరోవైపు ధరను పూర్తిగా హాలుకు వదిలేస్తే పెద్ద హీరో బొమ్మ మొదటి వారంలో కూలివాడు హాలు గడప తొక్కగలడా అన్న ప్రశ్నకు అమెరికా పద్ధతిలో సమాధానం లేదు.

ప్రశ్న: మా తాడేపల్లిగూడెంలోనూ చుట్టుపక్కలా నా చిన్నతనంలో చూసిన హాళ్లు ఒక్కొక్కటీ కల్యాణ మండపాలుగా, గోదాములుగా మారిపోతున్నాయి. అమెరికావారు పాత కట్టడాలను భద్రంగా చూసుకుంటారని విన్నాను. అక్కడ హాళ్లు కూల్చరా? (తాడేపల్లిగూడెం)

జవాబు: కూలుస్తారు. హాస్యనటుడు రేలంగి తన పేరున చిత్రమందిరం కట్టిన ఊరు మీది కనుక ఈ బాధ మీకు ఎక్కువగా తగిలి ఉంటుంది. ఒమాహాలోనే రెండు హాళ్ల కథ చెబుతాము.

మొదటిది ఇండియన్ హిల్స్. 1962లో సినెరామా కోసమే ప్రత్యేకంగా కట్టిన గుండ్రని హాలు. సినెరామా అంటే మూడు ప్రొజెక్టర్లు పక్కపక్కన మూడు బొమ్మలు వేస్తే, అవి అర్ధచంద్రాకారపు తెర మీద ఒకే బొమ్మగా కలిసే విధానం. ఆ హాల్లో తెర వంద అడుగులు దాటింది. 2000లో హాలు మూతపడింది. స్థలాన్ని పక్కనున్న వైద్యసంస్థ తీసుకుంది. ఊరివారు పిటిషన్లు పెట్టారు, హాలీవుడ్ నుంచి పేరున్న నటులు కూల్చవద్దని కోరారు. 2001 ఆగస్టులో కూల్చివేసి కార్లు నిలుపుకునే జాగా చేశారు.

రెండవది డండీ. 1925లో తెరిచిన పేట హాలు. 1965లో విడుదలైన ఒక హాలీవుడ్ సంగీత చిత్రం అక్కడ 118 వారాలు ఆడింది. యాభై రోజుల పోస్టరు, వంద రోజుల షీల్డు, రజతోత్సవం అంటూ లెక్కపెట్టుకున్న తరం మనది కనుక ఆ అంకె బరువు మనకు తెలుస్తుంది. 2013లో ఆ హాలు కూడా మూతపడింది. అయితే అక్కడ ఒక దాతృసంస్థ హాలును కొని, ఫిల్మ్ స్ట్రీమ్స్ అనే లాభాపేక్ష లేని సంస్థకు అప్పగించింది. మరమ్మతులు చేసి 2017 డిసెంబరులో మళ్లీ తెరిచారు. ఫిల్మ్ స్ట్రీమ్స్‌వారు అప్పటికే 2007 నుంచి ఊళ్లో మరొక చిన్న హాలు నడుపుతున్నారు. పాత చిత్రాలు, విదేశీ చిత్రాలు, బడిపిల్లలకు ప్రత్యేక ఆటలు వేస్తారు. టికెట్లతో పాటు సభ్యత్వాల మీద, విరాళాల మీద నడుస్తారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ప్రేమకు రెండు చోట్లా కొరత లేదు; నిజానికి ఇండియన్ హిల్స్‌కే ఎక్కువ ఏడ్చారు. డండీని నిలబెట్టింది దస్తావేజు. స్థలం ధర చూసుకోనక్కరలేని యజమాని చేతికి హాలు వెళ్లింది కనుక తెర మిగిలింది. డెల్టాలో మెయిన్ రోడ్డు మీద అరెకరం స్థలంలో హాలు ఉన్నవారికి, రోజుకు నాలుగాటల కలెక్షన్ ఏనాటికీ ఆ స్థలం విలువకు వడ్డీ కూడా కట్టలేదు. మాఘమాసంలో, శ్రావణంలో పట్టుమని కొన్ని ముహూర్తాలకు మండపం అద్దెకిస్తే ఏడాది గడిచిపోతుంది. అటువంటప్పుడు యజమానిని నిందించడం న్యాయం కాదు. అభిమాన సంఘాలవారు హీరో పుట్టినరోజుకు పాలాభిషేకానికి, ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చులో కొంత హాలు పైకప్పుకు పెట్టిన ఉదంతం ఇంతవరకు మా దృష్టికి రాలేదు.

పోయినవాటిలో దేనిని నిలుపుకోవాలో కూడా విచక్షణ అవసరం. నేల టికెట్టు కిటికీ గుర్తుందా? తలుపంత పొడుగున ఇనుప కటకటాల సందు, మనిషి పక్కకు తిరగడానికి వీలుండదు, చివర గోడలో పిడికిలి పట్టేంత కంత. ఆ కంతలో ఒకేసారి మూడు చేతులు దూరేవి. చిల్లర పిడికిట్లో బిగించి లోపలికి పెడితే, లోపలి మనిషి వేళ్లు విప్పి డబ్బు తీసుకొని టికెట్టు కుక్కేవాడు. చెయ్యి బయటకు వచ్చేటప్పుడు ముంజేతి చర్మం గీసుకుపోయేది. స్త్రీల వరుసలో చంటిపిల్లలతో కూడా ఇదే తంతు. దాన్ని తలచుకొని మురిసిపోవడం మాకు చేతకాదు. ఒక్క ప్రింటు రీళ్లను రెండు ఊళ్ల హాళ్ల మధ్య సైకిల్ మీద మోసిన "షిఫ్టింగు" కుర్రవాడి సామర్థ్యం, ఆ రీలు రావడం ఆలస్యమైతే జనాన్ని మాటలతో కూర్చోబెట్టిన మేనేజరు నేర్పు గుర్తుంచుకోదగినవి. వాటికి మాత్రం ఎక్కడా ఫొటోలు కూడా మిగలలేదు.

ప్రశ్న: నాటకమంటే ప్రాణం పెట్టే ఊరు మాది. అమెరికాలో పరిషత్తులు, నాటక సమాజాలు ఉంటాయా, లేక అంతా డబ్బిచ్చి చూసే వృత్తి నాటకమేనా? (పాలకొల్లు)

జవాబు: ఇది మాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న. ఒమాహాలో 1924లో ఊరివారంతా కలిసి కమ్యూనిటీ ప్లేహౌస్ అనే సమాజాన్ని పెట్టుకున్నారు. పగలు దుకాణంలోనో ఆఫీసులోనో పనిచేసి రాత్రి రిహార్సల్సుకు వచ్చే ఔత్సాహికులే నటులు. దాన్ని పెట్టినవారిలో డొరొతీ బ్రాండో అనే గృహిణి ఒకరు. ఆవిడకు ఆ ఏడాదే పుట్టిన కొడుకే తరువాత హాలీవుడ్‌లో పేరుమోసిన నటుడైన మార్లన్ బ్రాండో. మరుసటి సంవత్సరం ఆవిడే తమకు తెలిసిన కుటుంబంలోని ఇరవై ఏళ్ల కుర్రవాణ్ణి వేషం వేయమని పిలిచింది. అతడు హెన్రీ ఫోండా. సిగ్గరి, అప్పటికి నటుడు కావాలన్న ఆలోచన కూడా లేనివాడు. హాలీవుడ్‌లో పెద్దవాడైన తరువాత 1955లో ఆ సమాజానికి నిధుల కోసం సొంత ఊరికి వచ్చి, కుమార్తె జేన్‌తో కలిసి నాటకమాడాడు.

ఇప్పుడు కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బును తలచుకోండి. ఎస్.వి.రంగారావు, రేలంగి, అంజలీదేవి, ఆదినారాయణరావు అక్కడ ముఖానికి రంగు వేసుకున్నవారే. రంగారావు అగ్నిమాపక శాఖలో ఉద్యోగి. అంటే ఒమాహా ఫోండా, కాకినాడ క్లబ్బు రంగారావు ఇద్దరూ ఊరి నాటక సమాజం మెట్ల మీద నుంచే వెండితెరకు ఎక్కారు. మీ పాలకొల్లు నుంచి అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు వెళ్లిన దారి కూడా నాటకం దారే.

తేడా ఎక్కడంటే, ఒమాహా సమాజానికి సొంత భవనం, టికెట్టు కొనే చందాదారులు, జీతం మీద పనిచేసే దర్శకులు ఏర్పడ్డారు. ఒక పెద్ద సుడిగాలికి (టోర్నడో) 1975లో భవనం దెబ్బతింటే బాగుచేసుకొని కొనసాగించారు. మన పరిషత్తులలో ప్రేక్షకుడు టికెట్టు కొనడు. దాతలు కట్టిన పందిట్లో, దాతలిచ్చిన బహుమతి కోసం, బయటి ఊళ్ల సమాజాలు వచ్చి పోటీపడతాయి. రాజమహేంద్రవరం దేవీచౌకులో దసరాకు రాత్రంతా పద్యనాటకం ఉచితంగా చూసిన జనం చప్పట్లకు లోటు చేయరు. అయితే మర్నాడు అదే బృందం కళాకేంద్రంలో యాభై రూపాయల టికెట్టు పెడితే ఎందరు వస్తారో చెప్పడం కష్టం. ఒమాహా వెళ్లిన మన పెద్దలు ఒకసారి ప్లేహౌస్‌కు వెళ్లి చూడాలని మా సలహా. భాష సగమే అర్థమైనా, వేషం వేసిన మనిషి మర్నాడు బ్యాంకులో మన ఎదుట కూర్చుని ఉండవచ్చునన్న సంగతి మన డెల్టావారికి కొత్త కాదు కదా.

ప్రశ్న: సంక్రాంతికి మాకు కోడిపందేలు ఉన్నాయి, కనుమనాడు కోనసీమలో ప్రభల తీర్థం ఉంది. అక్కడి జనానికి అంతటి సందడి ఏముంటుందండి? (భీమవరం)

జవాబు: కోడిపందెం అమెరికాలో యాభై రాష్ట్రాల్లోనూ నేరం, చివరగా నిషేధించిన లూసియానాలో 2008 నుంచి అమలు. మన దగ్గర కూడా నేరమేనని, ఆ మూడు రోజులు ఎవరికీ గుర్తుండదని మీకు వేరే చెప్పనక్కరలేదు. ఒమాహాకు సంక్రాంతి వంటిది జూన్ నెల. 1950 నుంచి, ఒక్క 2020లో తప్ప, ఏటా కళాశాలల బేస్‌బాల్ చివరి పోటీలు అక్కడే జరుగుతున్నాయి. ఎనిమిది కళాశాలల జట్లు వస్తాయి, వాటి వెంట ఆయా ఊళ్ల జనం బండ్లు కట్టుకొని వచ్చినట్లు కార్లలో దిగుతారు. స్టేడియం బయట పొయ్యిలు పెట్టి మాంసం కాల్చుకుంటూ, పక్క జట్టువారికి కూడా వడ్డిస్తూ పగలంతా గడుపుతారు. శరదృతువు శనివారాల్లో అమెరికన్ ఫుట్‌బాల్ కోసం ఊరు సగం ఖాళీ అయి, గంట దూరంలోని లింకన్‌కు వెళ్తుంది. అక్కడి విశ్వవిద్యాలయ స్టేడియంలో 1962 నుంచి ప్రతి ఆటకూ టికెట్లన్నీ అమ్ముడుపోతున్నాయని గర్వంగా చెప్పుకుంటారు. తీర్థం మీద మనసు పోయినవారు ఆగస్టులో పక్క రాష్ట్రమైన అయోవాలో జరిగే స్టేట్ ఫెయిర్‌కు వెళ్లాలి. పశువుల పోటీలు, రంగులరాట్నం, నిలువెత్తున వెన్నతో చేసిన ఆవు బొమ్మ అన్నీ ఉంటాయి. జీళ్లు, ఖర్జూరం మాత్రం దొరకవు.

ప్రశ్న: మనవలను తీసుకొని సినిమాకు వెళ్లాలంటే అక్కడ "ఎ" సర్టిఫికెట్టు వంటి నిబంధన ఉందా? (కాకినాడ)

జవాబు: ఉంది గాని అది ప్రభుత్వానిది కాదమ్మా. 1968 నుంచి చిత్రపరిశ్రమే స్వచ్ఛందంగా తరగతులు ఇచ్చుకుంటోంది. "ఆర్" అని వేసిన చిత్రానికి పదిహేడేళ్ల లోపు పిల్లలు పెద్దవారి వెంట వెళ్లవచ్చు. మన "ఎ" చిత్రానికి తల్లిదండ్రులు వెంట ఉన్నా పద్దెనిమిది నిండనివారిని రానీయకూడదు. అందువల్ల అక్కడ తలుపు దగ్గర ఆపలేదు కనుక పిల్లలకు తగిన చిత్రమేనని అనుకోవద్దు. మన చిత్రాలు చాలావరకు అక్కడ ఏ తరగతీ తీసుకోకుండానే విడుదలవుతాయి. కాబట్టి ఇక్కడి సర్టిఫికెట్టు చూసుకొని వెళ్లడమే నయం. 2023 చట్ట సవరణ తరువాత మన "యు/ఎ"ను 7, 13, 16 ఏళ్ల కింద మూడుగా విడదీశారు కనుక ఆ అంకె మీకు ఉపయోగపడుతుంది. చాలా గొలుసు హాళ్లు సాయంత్రం 6 దాటాక "ఆర్" చిత్రాలకు ఆరేళ్ల లోపు పిల్లలను అసలు అనుమతించవు.

ప్రశ్న: కారులో కూర్చుని సినిమా చూసే హాళ్లు ఇంకా ఉన్నాయా? (రావులపాలెం)

జవాబు: ఉన్నాయి, బాగా తగ్గాయి. 1933లో న్యూజెర్సీలో మొదలై, 1958 నాటికి దేశంలో నాలుగు వేల దాకా పెరిగి, ఇప్పుడు సుమారు మూడు వందలు మిగిలాయి. ఊరు విస్తరించి స్థలం ధర పెరగగానే ముందు పోయినవి అవే. మన టూరింగ్ టాకీసులాగానే చలికాలం, వానాకాలం చూసుకొని నడుస్తాయి; శబ్దం కారు రేడియోలో వస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారికి వినికిడి తక్కువ. చెల్లెలి దగ్గరకు వెళ్తున్నారు. హాలుకు తీసుకువెళ్తే ప్రయోజనం ఉంటుందా? (నరసాపురం)

జవాబు: తప్పక తీసుకువెళ్లమనండి. వికలాంగుల హక్కుల చట్టం కింద 2016 డిసెంబరులో వెలువడిన నిబంధన ప్రకారం, డిజిటల్ హాళ్లు వినికిడి లేనివారికి సంభాషణలు అక్షరాలలో చూపే పరికరాన్ని అందుబాటులో ఉంచాలి, అది ఉచితం. టికెట్టు చూపించి లోపలి కౌంటరులో అడిగితే చాలు. కొన్నిటిని సీటు పక్కన గ్లాసు పెట్టే గుంటలో అమర్చుకుంటారు, కొన్నిటిని కళ్లజోడులా పెట్టుకుంటారు. అయితే అవి పనిచేయాలంటే ఆ చిత్రంతో పాటు అక్షరాల ఫైలు కూడా హాలుకు వచ్చి ఉండాలి. ఇంగ్లీషు చిత్రాలకు వస్తుంది, తెలుగు చిత్రాలకు సాధారణంగా తెర మీద ఇంగ్లీషు సబ్‌టైటిళ్లే ఉంటాయి. నాన్నగారికి ఇంగ్లీషు చదవడం వస్తే దేనికైనా ఇబ్బంది లేదు. రాకపోతే ముందు వరుసలో కాక మధ్య వరుసలో, శబ్దం రెండు వైపుల నుంచి సమంగా వచ్చే చోట సీటు తీసుకోమని, శబ్దాన్ని పెంచి చెవికి అందించే హెడ్‌సెట్టును కౌంటరులో అడగమని మీ చెల్లెలికి చెప్పండి. బ్యాటరీ పనిచేస్తున్నదో లేదో ట్రైలర్లు పడుతుండగానే చూసుకోవాలి. పనిచేయకపోతే మార్చి మరొకటి ఇస్తారు.